ఖాళీ ట్యాంకు, కట్టేసిన ట్యాపు

"ఆవిడే ఒప్పేసుకుంది వదినా. ఇంకా మీకేం కావాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఈ ఇన్‌స్పెక్టరు నాకు మరిది, మా ఆయనకి సొంత తమ్ముడు. నా పెళ్ళినాటికి నిక్కరేసుకుని నా వెనకాల తిరిగినవాడు ఇప్పుడు కుర్చీలో వెనక్కి వాలి నాకే చట్టం నేర్పుతున్నాడు. నేను ప్రైవేటు డిటెక్టివుని. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఉద్యోగం అంటారు. ఇతను మాత్రం "మా వదిన కాలక్షేపం" అంటాడు, అదీ కానిస్టేబుళ్ళ ముందు.

"ఏమని ఒప్పుకుంది?" అన్నాను.

"షెడ్డు గొళ్ళెం తనే పెట్టానంది. మొగుణ్ణి తనే చంపానంది. ఈ చెవులతో విన్నాను."

"ఆ రెండు మాటలూ ఆవిడే కలిపిందా, నువ్వు కలిపావా?"

అతను ఫైలు మూసి పక్కన పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

చనిపోయింది ఒక డ్రాయింగు మాస్టారు. రిటైరయ్యాక ఆయనకి ఒకటే పిచ్చి, పాతకాలపు ఇంజను సైకిళ్ళు. మామూలు సైకిలుకి పిడికెడంత ఇంజను బిగించి, పెడలు తొక్కి స్టార్టు చేసే బండ్లు. ఎవరి పెరట్లోనో తుప్పు పట్టి పడి ఉన్నవాటిని తెచ్చుకుని, విప్పి, కడిగి, దొరకని పార్టు తనే చేసుకుని మళ్ళీ రోడ్డెక్కించేవారు. ఇంటి వెనక కిటికీ లేని రేకుల షెడ్డే ఆయన లోకం. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ షెడ్డులోనే శవమై దొరికారు. తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఉంది. స్టాండు మీద ఇంజను సైకిలు, దాని ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. లోపలంతా పొగ కంపు.

మా మరిది కట్టిన కేసు ఇది. మాస్టారి కడుపులో టీ ఉంది, ఆ టీలో నిద్రమాత్రలున్నాయి. ఆ మాత్రలు ఆయన భార్య వాడేవి. ఆయన మత్తులోకి జారుకోగానే ఆవిడ ఇంజను స్టార్టు చేసి, గొళ్ళెం పెట్టి, చెల్లెలింటికి వెళ్ళింది. ఇంజను పెట్రోలు ఉన్నంతసేపూ పొగ కక్కి ఆగిపోయింది. ఆవిడ తిరిగొచ్చి పక్కింటి నర్సుని పిలిచి, ఏమీ తెలియనట్టు తలుపు తీయించింది.

ఆ నర్సే నన్ను ఈ కేసులోకి లాగింది. "తలుపు తీయగానే నేనే లోపలికి పరిగెత్తాను. ఆయన్ని ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాను. ఆవిడ గుమ్మంలోనే కూలబడిపోయింది, లోపల అడుగే పెట్టలేదు. అలాంటి మనిషిని పట్టుకుని హంతకురాలంటారా?" అని మా ఇంటికొచ్చి ఏడ్చింది.

నేను మాస్టారి భార్యని స్టేషన్లో వెనక గదిలో చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లలా కూర్చుని ఉంది.

"అసలేం జరిగిందక్కా?" అన్నాను.

"పొద్దున్నే ఆయన సైకిలు తీసుకుని ట్రయలుకి వెళ్ళారమ్మా. టీ కూడా వద్దన్నారు. నేను చెల్లెలింటికి బయల్దేరుతుంటే గాలికి షెడ్డు తలుపు దబదబా కొట్టుకుంటోంది. వెళ్ళి గొళ్ళెం పెట్టేశాను. లోపలికి తొంగి చూడలేదు. ఎప్పుడొచ్చారో, నాకు వినపడలేదు."

"ఆయన లోపల ఉన్నారని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేముంది? తిరిగొచ్చేసరికి ఆయనా లోపలే ఉన్నారు, బండీ లోపలే ఉంది. గొళ్ళెం నేను పెట్టింది పెట్టినట్టే ఉంది." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నన్ను పిలిచే ఉంటారమ్మా. తలుపు కొట్టే ఉంటారు. అప్పటికి నేను బస్సెక్కేసి ఉంటాను."

ఇదీ మా మరిది చెవులతో విన్న ఒప్పుకోలు. భర్త తనని పిలుస్తూ పోయాడన్న ఆలోచనతో ఆవిడ నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేకుండా కుమిలిపోతోంది. దాన్ని తీసుకుని ఇతను హత్య కేసు రాశాడు. మర్నాడు కోర్టుకి పంపిస్తాడట. నాకు పళ్ళు నూరడం తప్ప ఏమీ తోచలేదు.

బయట బెంచీ మీద మాస్టారి తమ్ముడు కూర్చుని ఉన్నాడు. స్పేరు పార్టుల షాపు నడుపుతాడు, అన్నగారి లాగే ఇంజను సైకిళ్ళ క్లబ్బులో మెంబరు. వదిన కోసం రోజూ భోజనం తెచ్చి ఇచ్చి, అక్కడే పడిగాపులు పడుతున్నాడని కానిస్టేబులు చెప్పాడు.

"మా వదినని ఏమీ అనకండి మేడం," అన్నాడు నన్ను చూడగానే. "ఏదో పొరపాటు. తల్లి లాంటి మనిషి."

"ఆదివారం పొద్దున మీరెక్కడున్నారు?"

"షో గ్రౌండులో. ఆ రోజు మా క్లబ్బు షో కదా. నా బండి తుడుచుకుంటూ కూర్చున్నాను. మధ్యలో ప్లగ్గు కోసం షాపుకి వెళ్ళొచ్చాను."

"మీ అన్నయ్య ఆ పొద్దున తీసుకెళ్ళిన సైకిలు సంగతేమిటి? బాగానే నడిచేదా?"

"నాకెలా తెలుస్తుందండీ? దాని మీద నేను చెయ్యి వేసిందే లేదు. అన్నయ్య దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు." కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత మంచి మరిది ఒకరికి, నాకేమో ఆ లోపలున్నవాడా అనుకున్నాను.

అక్కణ్ణించి క్లబ్బు ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాను. ఆయన పళ్ళ డాక్టరు. పేషెంట్లని బయట కూర్చోబెట్టి, క్లినిక్కు వెనక వరండాలో పళ్ళు తోమే బ్రష్షుతో ఒక సైకిలు చెయిన్ తోముతున్నాడు. ఆ బ్రష్షు కొత్తదేనా, వాడిందా అని అడగాలనిపించింది కానీ ఊరుకున్నాను.

పోలీసులు షెడ్డు లోపలికి అడుగు పెట్టకముందు తీసిన ఫోటోల కాపీలు, మా మరిది ఫైల్లోవి, నా దగ్గరున్నాయి. మొండికేస్తే మా అత్తగారికి చెప్తానని బెదిరించి తెచ్చుకున్నాను. ఒక్కొక్కటీ డాక్టరుకి చూపించాను.

"ఈ ఇంజను సైకిలు దిగాక మీరు మొట్టమొదట ఏం చేస్తారు?" అన్నాను.

"పెట్రోలు ట్యాపు కట్టేస్తాం," అన్నాడు ఆలోచించకుండా. "కట్టకపోతే కార్బురేటరు నిండి పొర్లిపోతుంది. మర్నాడు స్టార్టవదు. మా వాళ్ళు ఎవరైనా సరే, దిగీ దిగగానే చెయ్యి దానంతటదే ట్యాపు మీదకి పోతుంది. ట్యాంకులో చుక్క లేకపోయినా కట్టేస్తాం. మా ఆవిడ స్కూటరు ఆపితే దానికి లేని ట్యాపు కోసం కూడా నేను వెతుకుతాను. ఇంట్లో నవ్వులాట."

"మరి ఈ ఫోటోలో?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఇది తెరిచే ఉంది. లీవరు పైపుతో పాటు నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టేసినట్టు. ఇంజను ఆగేదాకా తిరిగిందన్నమాట. పాపం మాస్టారు."

నా ఆశ కాస్తా నీరుగారిపోయింది. అయినా వదలకుండా, "మాస్టారికి క్లబ్బులో ఎవరితోనైనా గొడవుందా?" అన్నాను.

డాక్టరు బ్రష్షు కింద పెట్టాడు. "గొడవని కాదు. ఆదివారం షోకి ఆయనే జడ్జి. ఒక బండి దొంగదని కనిపెట్టారు. ఇంజను మీద అసలు నంబరు గీకేసి, ఫ్రేముకి సరిపోయే నంబరు కొత్తగా కొట్టించి ఒరిజినల్ అని చూపిస్తున్నారట. మా వాళ్ళలో అంతకంటే నీచమైన పని లేదు. ఎవరిదని ఎంత అడిగినా చెప్పలేదు. 'వాడంతట వాడే తప్పుకుంటే పరువు దక్కుతుంది, ఆదివారం దాకా చూస్తాను, లేకపోతే అందరి ముందూ నేనే తీయిస్తాను' అన్నారు."

"ఈ మాట పోలీసులకి చెప్పారా?"

"నన్నెవరు అడిగారు?"

ఎవరూ అడగలేదు. గొళ్ళెం దొరికింది, ఆడమనిషి దొరికింది, ఇంక అడిగేదేముంది? నేను అక్కణ్ణించే మా మరిదికి ఫోన్ చేసి షెడ్డు సీలు తీయమన్నాను. కుదరదన్నాడు. మీ అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వస్తానన్నాను. అరగంటలో జీపు మాస్టారి ఇంటి ముందు ఆగింది.

అతను తను వేసిన సీలు తనే తీశాడు. తలుపు తెరవగానే ఆ పాత పొగ వాసన ముక్కుకి కొట్టింది.

షెడ్డు చిన్నదే అయినా పనిమంతుడి గది. గోడకి పెద్ద చెక్క, దాని మీద ప్రతి పనిముట్టు ఆకారం తెల్ల రంగుతో గీసి ఉంది. సుత్తి బొమ్మ మీద సుత్తి, పానా బొమ్మ మీద పానా. డ్రాయింగు మాస్టారు కదా, ఏ ఒక్కటీ చోటు తప్పలేదు. కింద బెంచీ, ఒక స్టూలు, గుడ్డలు, మూలన పెట్రోలు డబ్బా. మధ్యలో స్టాండు మీద ఆ సైకిలు. ఆకుపచ్చ రంగు వేసి, దాని మీద పసుపు గీతలు చేత్తోనే గీశారు.

"టీ తాగి పడిపోయారన్నావు. గ్లాసేది?" అన్నాను.

"ఇంట్లో తాగుంటారు."

"ఆవిడ టీ పెట్టలేదంటోంది."

"ఆవిడ అలాగే అంటుంది. నిందితురాలు కదా."

"నిందితురాలు చంపానంటే నిజం, టీ పెట్టలేదంటే అబద్ధమా? నీకు ఏ మాట కావాలో ఆ మాటే నిజమన్నమాట."

అతను వాచీ చూసుకున్నాడు. "వదినా, అన్నయ్య మీద గౌరవంతో వచ్చాను. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు. తొందరగా కానివ్వండి."

నాకు ఒక్క సంగతి తేలాలి. ట్యాంకులో పెట్రోలు ఇంజనే తాగిందా, లేక ఎక్కడైనా కారిపోయిందా? కార్బురేటరు దగ్గర పైపు ఊడదీసి, దాని కింద ఒక రేకు డబ్బా పెట్టాను. ట్యాపు ఫోటోలో ఉన్నట్టే నిలువుగా ఉంది, డాక్టరు చెప్పినట్టు తెరిచినట్టే. మూలనున్న డబ్బా తెచ్చి ట్యాంకులో పెట్రోలు పోశాను.

పైపులోంచి చుక్క కూడా పడలేదు.

కాసేపు చూశాను. ట్యాంకు తట్టాను. పైపు నలిపాను. ఊహూఁ.

"చెత్త అడ్డం పడుంటుంది," అన్నాడు మా మరిది.

"పెట్రోలు దిగకపోతే ఇంజను ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఎలా తిరిగింది?"

అతను బుర్ర గోక్కున్నాడు. నేను విసుగొచ్చి ట్యాపు లీవరుని అడ్డంగా తిప్పాను. అంతే, పెట్రోలు బుస్సుమని దిగి డబ్బా నిండి నా చేతుల మీదుగా పొర్లింది. మళ్ళీ నిలువుగా తిప్పాను. ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ అడ్డంగా తిప్పితే మళ్ళీ దిగింది.

ఈ బండికి ట్యాపు తిరగేసి ఉంది. లోకంలో బండ్లన్నిటికీ తెరిచినట్టున్నది దీనికి కట్టేసినట్టు. అంటే ఫోటోలో ట్యాపు కట్టేసి ఉంది.

"ఇప్పుడు చెప్పు," అన్నాను మా మరిదితో. "ట్యాపు తెరిచి ఉంటేనే ఇంజను ఆ పెట్రోలంతా తాగగలదు. తాగింది, ఆగింది. ఆ తర్వాత ఖాళీ ట్యాంకుకి ట్యాపు కట్టిందెవరు?"

"మాస్టారే కట్టుంటారు."

"పెట్రోలుండగా కడితే ఆ పెట్రోలు ట్యాంకులోనే మిగిలేది. చుక్క లేదని నువ్వే రాశావు. ఇంజను ఆగేసరికి ఆయన ప్రాణంతో లేరు. శవం లేచి కట్టిందా?"

"పోనీ, ఆవిడ తిరిగొచ్చాక..."

"ఆవిడ గుమ్మం దాటలేదని చెప్పింది నీ సాక్షే. నర్సు రెండు చేతులతో మనిషిని ఈడ్చుకొస్తోంది. నీ కానిస్టేబుళ్ళు ముట్టుకున్నారంటావా? ఫోటో తీశాకే లోపలికి వచ్చారని రాసి సంతకం పెట్టింది నువ్వే, సీలు వేసిందీ నువ్వే."

అతని మొహం కందగడ్డయింది. "ఒక ట్యాపుని చూసి హత్య కేసు కొట్టేయమంటారా? పైవాళ్ళకి ఏం చెప్పను? మా వదిన పెట్రోలు పోసి చూసిందని చెప్పనా?"

"చెప్పు. సిగ్గెందుకు? నాలుగు రోజులు ఈ షెడ్డు తాళం నీ జేబులో ఉంది. నువ్వు పోసి చూడలేదు. గొళ్ళెం పెట్టిన చెయ్యి కనిపించగానే నీ పని అయిపోయింది. అక్కడ ఆ మనిషి నా మొగుణ్ణి నేనే చంపుకున్నానని ఏడుస్తుంటే నువ్వు దాన్ని ఒప్పుకోలు అని రాసుకున్నావు. ఇంటికెళ్ళి మీ అమ్మ మొహం ఎలా చూస్తావురా?"

పాతికేళ్ళలో అతన్ని నేను 'రా' అనడం అదే మొదలు. అతను స్టూలు మీద కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే ఎవడో మాస్టారితో పాటు లోపలికొచ్చాడు," అన్నాడు మెల్లగా. "ఆవిడ వెళ్ళాకే. గొళ్ళెం తీసి ఇద్దరూ లోపలికి వచ్చారు. టీ వాడే తెచ్చాడు, ఆవిడ మాత్రలు ముందే కాజేసి అందులో కలిపి. ఇంజను స్టార్టు చేసి పోయాడు."

"ఇంజను ఆగాక మళ్ళీ వచ్చాడు. గ్లాసు తీసుకెళ్ళడానికి. పోతూ పోతూ చెయ్యి ట్యాపు మీదకి పోయింది. ఖాళీ ట్యాంకైనా సరే కట్టేసే జాతి వాళ్ళది. గొళ్ళెం ఎప్పటిలాగే పెట్టి వెళ్ళాడు."

"క్లబ్బులో ఎవరైనా కావచ్చు."

"కాదు. ప్రెసిడెంటు ఫోటో చూసి తెరిచే ఉందన్నాడు. తెలియనివాడు కట్టాలంటే అడ్డంగా తిప్పుతాడు. వీడు కరెక్టుగా నిలువుగా తిప్పాడు. ఇది తిరగబడ్డ ట్యాపని వీడి చేతికి తెలుసు."

ఎవరికి తెలుసో చెప్పగలిగింది ఒక్కావిడే. ఇద్దరం జీపులో స్టేషనుకి వెళ్ళాం. బెంచీ మీద మాస్టారి తమ్ముడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మేము ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాం.

"అక్కా, ఆ ఆకుపచ్చ సైకిలు పెట్రోలు ట్యాపు గురించి మీకేమైనా తెలుసా?" అన్నాను.

నేను చూశాక మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వు లాంటిది కనిపించింది. "అది తిరగబడిందే కదమ్మా. అసలుది దొరక్క వేరే బండిది పెట్టారు. అది తిరగేసి తప్ప పట్టలేదట. మంచిదే, ఎవడైనా ఎత్తుకుపోతే తెరిచాననుకుని కట్టేసుకుని ఊరు చివరిదాకా తొక్కి చస్తాడు అని ఆయన ఒకటే నవ్వడం. ఎక్కడుంటుందో నేను చూడలేదు కానీ ఆ కథ మాత్రం భోజనాల దగ్గర వంద సార్లు విన్నాను."

"ఇంకెవరికి తెలుసు?"

"ఇంకెవరికి? షోకి ముందు ఎవరికీ చెప్పొద్దన్నారు. మా మరిదికి తెలుసు. పోయిన నెల దాన్ని బిగించిందే అతను. ఇద్దరూ రెండు రోజులు కూర్చుని..."

ఆవిడ ఆగిపోయింది. నా వైపు చూసింది, గుమ్మంలో నిలబడ్డ మా మరిది వైపు చూసింది.

దాని మీద చెయ్యి వేసిందే లేదన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. నేను ఆవిడ పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ట్యాపు సంగతి, గ్లాసు సంగతి, దొంగ నంబరు సంగతి, మాస్టారు పేరు బయటపెట్టకుండా పరువు కాపాడాలని చూసిన ఆ ఒక్క మనిషి, ఆయన సొంత తమ్ముడి సంగతి. "మీరు గొళ్ళెం పెట్టింది ఖాళీ షెడ్డుకక్కా. అప్పటికి ఆయన ఇంకా రోడ్డు మీద సైకిలు తొక్కుతున్నారు. ఆయన వచ్చేసరికి మీరు లేరు."

"నన్ను పిలవలేదా?"

"లేదు. నిద్రలోనే పోయారు. ఎవర్నీ పిలవలేదు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆ సాయంత్రమే అతని చేతులు పట్టుకున్నానమ్మా," అంది. "నీ అన్నయ్యని నేనే చంపుకున్నాను, నన్ను క్షమించు నాయనా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. నా కళ్ళు తుడిచాడు. క్షమించాను వదినా అన్నాడు. అన్నయ్య కూడా క్షమిస్తాడు అన్నాడు. పోలీసులు అడిగితే దాచకుండా నేనే చేశానని చెప్పెయ్యి, తేలిగ్గా వదిలేస్తారు అన్నాడు."

మా మరిది తల దించుకున్నాడు.

తలుపు అవతల్నించి ఒక గొంతు వినపడింది, మెత్తగా, మర్యాదగా. "సార్, మా వదిన భోజనం చేసిందా? పొద్దుట్నించీ ఏమీ తినలేదు. చల్లారిపోతుంది."

ఆవిడ లేచి నిలబడింది.

"అతన్ని లోపలికి పిలవండి," అంది. "నన్ను దేనికి క్షమించాడో నా మొహం చూసి ఇంకోసారి చెప్పమనండి."